మా రేడియోగ్రామ్ నిజాం కాలంది కాదు

మా ఇంట్లో పాత వస్తువు ఏదైనా సరే, రెండు కాలాల్లో ఏదో ఒకదానిలో పుట్టాలి. ఒకటి నిజాం కాలం, రెండోది మొన్నమొన్న. నడుమ ఇంకో కాలం లేదు. ఇత్తడి గంగాళం నిజాం కాలంది. టేకు పందిరిమంచం నిజాం కాలంది. ప్లాస్టిక్ బిందెలు మొన్నటివి. నడింట్లో తెల్లగుడ్డ కప్పుకొని, నెత్తిన దేవుడి పటాలు, కరెంటు బిల్లులు, ఎవరి పెళ్లిలోనో పంచిన స్టీలు గిన్నెలు మోస్తూ పడి ఉన్న ఐదడుగుల చెక్కపెట్టె కూడా నిజాం కాలందేనని చిన్నప్పటి నుంచి వింటున్నాను.

ఆ పెట్టె రేడియోగ్రామ్. అంటే రేడియో, గ్రామఫోన్ ఒకే ఒళ్లో ఉన్న సామాను. నడుమ మూత లేపితే ప్లేట్లు తిరిగే పళ్లెం, దాని పక్కన రేడియో డయల్, రెండు చివర్లా గోధుమరంగు గుడ్డ వెనక చెరొక స్పీకర్. మిర్యాలగూడకు దగ్గరలో ఉన్న మా ఊళ్లో ఇలాంటిది ఇంకో ఇంట్లో లేదు. అందుకే దాని గురించి మా చిన్నాయన గొంతు పెంచి మాట్లాడతాడు. "పోలీస్ యాక్షన్ కన్నా ముందే తెచ్చిండు మీ తాత. జర్మనీ మాల్. గ్రుండిగ్" అంటాడు. పోలీస్ యాక్షన్, అంటే భారత సైన్యం వచ్చి నిజాం పాలనను ముగించింది, 1948 సెప్టెంబరులో. దానికి సాక్ష్యం చెప్పే మా చిన్నాయన పుట్టింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు.

నేను దీన్ని పట్టించుకునేవాణ్ని కాదు. కిందటేడు ఇల్లు సున్నం వేయించేటప్పుడు ఎవరో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. అది చేతులు మారి మారి హైదరాబాద్‌లో పాత సామాను కొనే ఒకాయన దాకా పోయింది. ఆయన ఫోన్ చేసి ఒక ధర చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "నిజాం కాలంది అని ఇంటి పెద్దలెవరైనా ఒక కాగితం రాసిస్తే ఇంకో ఇరవై వేలు ఎక్కువిస్తా" అన్నాడు. చిన్నాయన పెన్ను తీశాడు. నాకు అక్కడ పట్టుకుంది టెన్షన్. అబద్ధం అని కాదు, ఆ మాట చిన్నాయన నిజమనే నమ్ముతున్నాడు. కానీ ఒకసారి కాగితం మీదికెక్కితే అది ఇక మా ఇంటి మాట కాదు, ఆ పెట్టెకు పుట్టిన తేదీ అయిపోతుంది. వారం రోజులు ఆగమన్నాను. వారం కాస్తా నాలుగు నెలలైంది.

నా వాదన ముందే చెప్పేస్తాను, ఒప్పుకోనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. పాత వస్తువు వయసు కట్టాలంటే అందులో పాతది ఏముందో వెతకకూడదు, కొత్తది ఏముందో వెతకాలి. మొదటి నుంచీ అందులోనే ఉన్న ముక్కల్లో అన్నిటికంటే కొత్తది ఎప్పుడు పుట్టిందో, పెట్టె అంతకంటే ముందు పుట్టి ఉండదు. మనం సరిగ్గా దీనికి ఎదురు చేస్తాం. ఒక్క పాత గుర్తు దొరికితే చాలు, మొత్తాన్ని అక్కడికి ఈడ్చుకుపోతాం.

చిన్నాయన దగ్గర అలాంటి గుర్తులు మూడున్నాయి. మొదటిది, పెట్టె కింది అరలో ఉన్న 78 ప్లేట్లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రకం పాటల ప్లేట్లు. బరువుగా, నల్లగా, కింద పడితే పెంకులయ్యే రకం. వాటిలో కొన్ని నిజంగానే 1940ల నాటివి. "ప్లేట్లు అప్పటివైతే పెట్టె అప్పటిది కాదా?" అంటాడు. బియ్యం డబ్బాలో పోసిన బియ్యం కిందటేటివైతే డబ్బా కూడా కిందటేటిదేనా? ప్లేట్లు ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి పోతాయి. పైగా బయటి దేశాల్లో 78లు దాదాపు ఆగిపోయాక కూడా మన దేశంలో వస్తూనే ఉన్నాయి. 1960ల్లో బీటిల్స్ పాటలు సైతం మన దగ్గర 78 ప్లేట్లుగా అచ్చయ్యాయి. రెండో గుర్తు, డయల్ పైన పెట్టెకు ఉన్న రెండు సన్న రంధ్రాలు. అక్కడ కంపెనీ బిళ్ల ఉండేదని, దాని మీద గ్రుండిగ్ అని ఉండేదని ఆయన జ్ఞాపకం. మూడోది బలమైనది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు డయల్ గాజు. ఏ రేడియో దగ్గరికి పోయినా మొదట చదవాల్సింది అదే, దానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. మా గాజు మీద మూడు వరసలున్నాయి: మీడియం వేవ్, షార్ట్ వేవ్ ఒకటి, షార్ట్ వేవ్ రెండు. అంతే. జర్మనీలో వాళ్ల సొంత వాడకానికి చేసిన 1950ల, 60ల పెట్టెల మీద యుకెడబ్ల్యూ అని ఒక వరస ఉంటుంది. అది వాళ్ల భాషలో ఎఫ్ఎం. సాధారణంగా లాంగ్ వేవ్ కూడా ఉంటుంది. మన దేశంలో ఎఫ్ఎం ప్రసారం మొదలైందే 1977లో, మద్రాసులో. లాంగ్ వేవ్ మనకు పనికొచ్చేది కాదు. కాబట్టి ఇక్కడి జనం కోసం చేసిన సెట్లలో ఆ రెండూ ఉండేవి కావు. మా డయల్ మీద బెర్లిన్ లేదు, హాంబుర్గ్ లేదు. హైదరాబాద్, మద్రాస్, ఢిల్లీ, సిలోన్ ఉన్నాయి. జర్మనీ కంపెనీలు బయటి దేశాలకు వేరే డయళ్లతో పంపేవి కదా అని చిన్నాయన తరఫున నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. నిజమే. అందుకే డయల్‌తో గ్రుండిగ్ వాదన పూర్తిగా చావలేదు, కాస్త నీరసించింది.

కానీ తేదీ సంగతికి వస్తే ఆ గాజు చాలా చెప్పింది. అంకెల చివర కిలోసైకిల్స్ గుర్తు ఉంది, అదే కొలతకు తర్వాత వచ్చిన పేరు కిలోహెర్ట్జ్ లేదు. హెర్ట్జ్ అన్న పేరు 1960లో అంతర్జాతీయ కొలతల్లోకి చేరినా డయళ్ల మీదికి మెల్లగా, చాలా చోట్ల 70ల దాకా సాగుతూ వచ్చింది. సిలోన్ అని ఉంది, శ్రీలంక అని లేదు. ఆ దేశం పేరు మార్చుకుంది 1972లో. మరి ముందు హద్దు? దానికి పెట్టె వెనక్కి పోవాలి.

పెట్టె వెనక పలక 1990ల్లో పోయింది. అప్పుడు బాగు చేయిద్దామని ఒక షాపుకు తీసుకుపోతే పెట్టె తిరిగొచ్చింది, పలక రాలేదు. మోడల్ నంబరు, కరెంటు వివరాలు, సర్క్యూట్ బొమ్మ మామూలుగా ఆ పలక మీదే అతికిస్తారు. అంటే మా పెట్టె పుట్టుక సర్టిఫికెట్‌ను ఎవరో చాయ్ కాచుకోవడానికి పొయ్యిలో పెట్టి ఉంటారు. పైగా పెట్టెకు బయట రెండు పూతలు వార్నిష్ కొట్టి పంపారు. అందుకే అందరికీ చెబుతున్నాను: పాత సామాను దొరికితే ముందు తుడవకండి. ఏ ముక్కనూ తీయకముందే అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. దుమ్ములో కూడా రాత ఉంటుంది.

పలక పోయినా, లోపల కుడిపక్క గోడకు ఒక చిన్న అల్యూమినియం రేకు మిగిలింది. అమ్మిన షాపుది. షాపు పేరు నేను రాయను, వాళ్ల వారసులు ఎవరో, ఎక్కడున్నారో నాకు తెలియదు. పేరు కింద ఉన్న మాట చాలు: సికింద్రాబాద్, ఎ.పి. ఈ రెండక్షరాల దగ్గర నేను చాలాసేపు కూర్చున్నాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరు 1న. నిజాం కాలంలో కొట్టిన రేకు మీద ఎ.పి. ఎట్లా వస్తుంది? ఇక ఊరి పేరు పక్కన ఆరంకెల పిన్‌కోడ్ లేదు. పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. అంటే ఒక గోరంత రేకు పదహారేళ్ల లోపలికి మమ్మల్ని తెచ్చి నిలబెట్టింది. మన రాష్ట్రం పేర్లు ఎన్నిసార్లు మారాయో తలుచుకుని బాధపడేవాళ్లకు ఇదొక ఊరట. పాత బోర్డుల, బిల్లుల వయసు కట్టడానికి హైదరాబాద్-దక్కన్, ఎ.పి., తెలంగాణ అన్న మూడు మాటలకు మించిన కొలబద్ద లేదు.

రేకు సంగతి చెప్పగానే చిన్నాయన, "రేకు తర్వాత కొట్టి ఉంటరు" అన్నాడు. ఆయన మాట కొట్టిపారేయదగింది కాదు. బాగు చేసిన షాపు కూడా రేకు కొట్టుకోవచ్చు. అందుకే లోపలికి పోవాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఏళ్ల తరబడి ముట్టని వాల్వు సెట్టును, అంటే ట్రాన్సిస్టర్లకు బదులు గాజు గొట్టాలతో నడిచే రేడియోను, చూసిన ఉత్సాహంలో ప్లగ్గు పెట్టి స్విచ్చి వేయకండి. లోపల రెండు వందల యాభై వోల్టుల దాకా డీసీ ఉంటుంది, ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు (కరెంటును నిల్వ చేసే డబ్బాలు) షార్టయి ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చేస్తాయి. తెలిసినవాళ్లు అరవై వాట్ల పాత బల్బు ఒకటి వరసలో కలిపి, దాని మీదుగా కరెంటు ఇస్తారు. బల్బు నిండుగా వెలిగిందంటే లోపల షార్టుంది, ఆపేయాలి. ఒక క్షణం వెలిగి మసకబారితే పరవాలేదు. నేను ఆ పని కోఠీ గుజరాతీ గల్లీలో స్పేర్లు కొంటూ తిరిగే ఒక పాత మెకానిక్కుకు వదిలేశాను. ఆయనకంటే ముందు వచ్చిన కుర్రాడు పెట్టె మూత లేపి చూసి, "సార్, ఈ చెత్తంతా తీసేసి బ్లూటూత్ బోర్డు పెట్టేద్దాం, సౌండు అదిరిపోద్ది" అన్నాడు. ఆ చెత్తలోనే తేదీలున్నాయని ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు, తప్పు అతనిది కాదు.

వాల్వుల సంగతి చెప్తాను, ఇందులో నాకు దొరికిన సంబరం అంతా ఇక్కడే ఉంది. 1940ల రేడియో వాల్వులు సాధారణంగా పెద్దవి, కింద నల్లటి బేకలైట్ పీట మీద కూర్చుంటాయి. మావి బొటనవేలంత లావు, ఒట్టి గాజు, గాజులోంచే పొడుచుకొచ్చిన తొమ్మిది సన్న పిన్నులు. ఇవి 1950ల్లో స్థిరపడిన రకం. స్పీకర్లను నడిపే వాల్వులు రెండున్నాయి, ఎడమకొకటి, కుడికొకటి. రెండూ ముల్లార్డ్ కంపెనీవి, రకం ఇసిఎల్86. గాజు మీద పేరు రాసిన రంగు బట్టతో రుద్దితే పోతుంది, వేలితో రుద్దినా పోతుంది. కానీ కింద, పిన్నుల దగ్గర, బూడిదరంగులో గాజులోకి దిగినట్టు ఇంకో చిన్న రాత ఉంటుంది. టార్చిలైటు పక్క నుంచి ఏటవాలుగా కొడితే తప్ప కనపడదు. నోటితో ఆవిరి ఊదితే ఒక్క క్షణం తేలుతుంది. నేను కళ్లద్దాలు తీసి, పెట్టి, ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చదివాను: బి8సి3.

ఇది లాటరీ నంబరు కాదు. ఫిలిప్స్, ముల్లార్డ్ కుటుంబంలో ఈ రాతకు పద్ధతుంది. మొదటి అక్షరం ఫ్యాక్టరీ, బి అంటే ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్. తర్వాతి అంకె సంవత్సరంలో చివరిది. తర్వాతి అక్షరం నెల: ఎ జనవరి, బి ఫిబ్రవరి, సి మార్చి. చివరి అంకె ఆ నెలలో ఎన్నో వారమో. అంటే మార్చి మూడో వారం, ఎనిమిదితో ముగిసే ఏడాది. చిక్కంతా ఆ ఎనిమిదిలో ఉంది. దశాబ్దం చెప్పదు. 1958 కావచ్చు, 68 కావచ్చు, 78 కూడా కావచ్చు. ఇక్కడే వాల్వు రకం ఆదుకుంది. ఇసిఎల్86 అనేది 1960ల మొదట్లో వచ్చిన రకం, 1958లో అది పుట్టనే లేదు. డయల్ మీది సిలోన్, రేకు మీద లేని పిన్‌కోడ్ కలిసి 1978ని నమ్మనీయవు. మిగిలింది 1968.

ఒక్క వాల్వుతో నమ్మితే చిన్నాయనకు నాకు తేడా ఏముంది? వాల్వులు మారుస్తారు, అవి బల్బుల్లాంటివి. అందుకే రెండోదాన్నీ ఊది చూశాను. బి8సి3. జంట రెండూ ఒకే వారంలో పుట్టాయంటే పెట్టెతో పాటే వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. తర్వాత ఎప్పుడో మారిస్తే ఒకటి ఒక ఏడుదీ ఇంకొకటి ఇంకో ఏడుదీ అయ్యేవి. రెక్టిఫైయర్ వాల్వు (ఏసీని డీసీగా మార్చేది) చూస్తే సరిగ్గా అట్లాగే ఉంది, దాని మీద అంకె మూడు. అది 1973లో చేసిన వాల్వని, మధ్యలో మార్చారని నా లెక్క. పెద్ద ఎలక్ట్రోలిటిక్ డబ్బా మీద నీలం సిరాతో 6/68 అని ముద్ర ఉంది. ఇంగ్లండ్‌లో మార్చిలో పుట్టిన వాల్వు ఓడెక్కి, బొంబాయిలో దిగి, ఎవరి షాపులోనో కొన్నాళ్లు కూర్చొని, పెట్టెలోకి చేరాలంటే ఆ ఏడు చివర పడుతుంది. అంతకన్నా ముందు మాత్రం కాదు.

మా పెట్టె స్టీరియోది, అంటే ఎడమ, కుడి స్పీకర్లకు వేర్వేరు శబ్దం పంపేది. అసలు స్టీరియో అన్న ఆ ఒక్క మాట చాలు, ఈ తంటా అంతా లేకుండా. స్టీరియో ప్లేట్లు అమ్మకానికి వచ్చిందే 1958లో. నిమిషానికి 33 చుట్లు తిరిగే ఎల్పీని అమెరికాలో కొలంబియా కంపెనీ బయటపెట్టింది 1948 జూన్‌లో. మా చిన్నాయన లెక్క ప్రకారం ఆ ఎల్పీని ఆడించే యంత్రం, అదీ ఇంకా పదేళ్లకు గానీ రాబోని స్టీరియోతో సహా, న్యూయార్క్‌లో ఎల్పీ పుట్టిన మూడు నెలల లోపల, రజాకార్లకూ కమ్యూనిస్టు సంఘం వాళ్లకూ మధ్య నలుగుతున్న నల్లగొండ జిల్లాలో మా తాత ఇంటికి బండి మీద వచ్చింది. ఆ ఏడు మా తాత వడ్లు దాచుకోవడానికే దిక్కులేక అడవుల్లో గుంతలు తవ్వుకున్నాడని ఇదే చిన్నాయన ఇంకో పూట చెప్తాడు.

పెట్టెలోకి తలపెట్టి చూసిన రోజే చిన్నాయన మూడో గుర్తు బయటపడింది. స్పీకర్లు బిగించిన పలక లోపలివైపు పెన్సిల్‌తో ఉర్దూ రాత. ఎడమ స్పీకర్ పక్కన ఒక మాట, కుడి స్పీకర్ పక్కన ఒక మాట. "చూసినవా? ఉర్దూ. ఇప్పుడేమంటవ్?" అని చిన్నాయన తొడ చరిచాడు. మాకు ఉర్దూ మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. మిర్యాలగూడలో రిటైరైన ఉర్దూ పంతులుగారు ఒకరున్నారు, ఊరంతా మాస్టర్ సాబ్ అంటుంది. ఆయన్ని స్కూటర్ మీద ఎక్కించుకొచ్చాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, టార్చి పట్టుకొని, చాలాసేపు చూశాడు. చిన్నాయన ఊపిరి బిగబట్టాడు, ఏ నవాబు పేరో వస్తుందని.

"బాయా" అన్నాడు మాస్టర్ సాబ్. టార్చి కుడికి తిప్పాడు. "దాయా." తర్వాత లేచి మోకాళ్లు దులుపుకుంటూ, "ఎడమ, కుడి. వడ్లాయన రాసుకున్నడు, అంతే" అన్నాడు.

నాకు ఆ క్షణంలో నవ్వొచ్చింది కానీ ఇంటికొచ్చాక ఆలోచిస్తే అంత నవ్వేది కాదనిపించింది. ఉర్దూ ఉంటే నిజాం కాలమే అనుకోవడం ఎంత పొరపాటంటే, హైదరాబాద్‌లో చెక్కపని చేసేవాళ్లలో ఉర్దూలో లెక్క రాసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లిపి కాలాన్ని చెప్పలేదు, మనిషిని చెప్పింది. ఆ రెండు మాటలు ఏ పెట్టెకైనా ఎడమ పలక, కుడి పలక అని గుర్తుకు రాసుకున్నవే కావచ్చు, వాటిని స్టీరియోకు సాక్ష్యంగా నేను వాడుకోను. కానీ గ్రుండిగ్ వాదనను అవి తుడిచేశాయి. జర్మనీ ఫ్యాక్టరీలో వడ్రంగి బాయా, దాయా అని రాయడు. పెట్టె హైదరాబాద్‌లోనో సికింద్రాబాద్‌లోనో తయారైంది. ప్లేట్లు తిప్పే యంత్రం మీద గ్యారార్డ్, స్విండన్, ఇంగ్లండ్ అని పోత అక్షరాల్లో ఉంది. దానికి 16, 33, 45, 78 అని నాలుగు వేగాలు. వాల్వులు బ్లాక్‌బర్న్‌వి. రేడియో చాసిస్ ఎవరిదో, దాని మీద నంబరు తప్ప పేరు లేదు. టేకు మనది, పని మనది. అంటే ఇది ఏ ఒక్క కంపెనీదీ కాదు. షాపువాళ్లు తలొక చోట నుంచి తెప్పించి, వడ్లాయనతో పెట్టె కొట్టించి, కూర్చి అమ్మిన సామాను. ఆ రోజుల్లో దిగుమతుల మీద ఉన్న కట్టడికి తయారైన సెట్టు తెప్పించడం కంటే ముక్కలు తెచ్చి కూర్చడం తేలిక, చవక.

పాత సామాను కొనేవాళ్లకు ఇలాంటివంటే చిన్నచూపు. కంపెనీ బిళ్ల లేకపోతే అనాథ అంటారు. నాకు సరిగ్గా దీనికి ఎదురు అనిపిస్తుంది. గ్రుండిగ్ పెట్టెలు వేల కొద్దీ ఉన్నాయి, వాటి నంబర్ల జాబితాలున్నాయి. మా పెట్టెకు జోడీ ఇంకోటి లేదు.

(స్టీరియో మీద ఒక మాట ఇక్కడే. రెండు స్పీకర్ల మధ్య దూరం మూడున్నర అడుగులు. ముక్కు డయల్‌కు ఆనిస్తే తప్ప ఎడమ ఏదో కుడి ఏదో తెలియదు. రేడియోలో వచ్చేది ఎలాగూ ఒకే గొంతు. మా దగ్గరున్న ప్లేట్లలో స్టీరియో అని అచ్చేసినవి రెండే. మా తాత ఇంత డబ్బు పోసి కొన్నది ఒక మాటను.)

ఇక మా నాయనమ్మ. తొంభై దాటింది, చెవులు మందగించాయి, జ్ఞాపకం మందగించలేదు. అందరం నాలుగు నెలలుగా పెట్టె చుట్టూ తిరుగుతున్నాం గానీ ఆమెను ఒక్కసారీ అడగలేదు. అడిగితే నిమిషంలో చెప్పింది. "సాగర్ నీళ్లొచ్చినంక, రెండో ఏడు వడ్లమ్మి తెచ్చిండు. నాకు కడియాలు చేయిస్తనని చెప్పి గా డబ్బ తెచ్చిండు. ఆ యేడే మీ నాయిన చదువు బందయి ఇంటికొచ్చి కూసున్నడు, పొద్దుందాక దాని ముందల్నే."

ఈ మూడు వాక్యాలను ఏ కోడ్ కంటే తక్కువ చేసి చూడకండి. నాగార్జునసాగర్ కాలువలకు ఇందిరాగాంధీ నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. రెండో ఏటి వానాకాలం పంట అంటే 1968ది, వడ్లు అమ్ముడయ్యేసరికి సంక్రాంతి. మా నాయన నల్లగొండలో కాలేజీ చదివేవాడు. విద్యార్థులు బడులూ కాలేజీలూ వదిలి వీధుల్లోకి వచ్చిన ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదలైంది 1969 జనవరిలో. ఎందరికో ఆ ఏడు చదువు పోయింది. గాజు మీద గీసిన బి8సి3 చెప్పినదాన్నే ఆమె కాలువ, కడియాలు, కొడుకు చదువు పెట్టి చెప్పింది. ఆమె ఎప్పుడూ నిజాం కాలం అనలేదు. ఆ మాట మగవాళ్లది, అరుగు మీద కూర్చుని చెప్పేది. పల్లెల్లో తారీఖు తెలియనివాళ్లని మనం నవ్వుతాం. తుపాను, కరువు, కాలువ, కరెంటు, పెద్దోడి పెళ్లి అని చెప్పే లెక్కలో ప్రతి ముడికీ ఇంకో పదిమంది సాక్షులుంటారు. అదే 1948 అని నంబరు చెప్పేవాడి దగ్గర నంబరు తప్ప ఇంకేమీ ఉండదు.

కరెంటు అంటే గుర్తొచ్చింది. మా పెట్టె కరెంటు మీద తప్ప నడవదు. మా ఊరికి కరెంటు స్తంభాలు పాతిందే 1960ల్లో. నేను ఇది మొదటి రోజే అడగాల్సింది.

కడియాల కోపంలో నాయనమ్మ ట్రంకు పెట్టె కూడా తీయించింది. భూమి కాగితాల కింద, పహాణీ నకళ్ల మధ్య, పోస్టాఫీసు రేడియో లైసెన్సు పుస్తకం దొరికింది. ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు, రేడియో వినాలంటే లైసెన్సుండాలి, ఏటేటా పోస్టాఫీసుకు పోయి డబ్బు కట్టి పుస్తకంలో బిళ్లలు అతికించుకుని ముద్ర వేయించుకోవాలి. 1980ల నడుమ దాకా ఈ తతంగం సాగింది. మీ ఇంట్లో పాత రేడియో ఉంటే ముందు ఈ పుస్తకం కోసం వెతకండి, వాల్వులు తర్వాత. మా దాంట్లో రెండు సెట్లున్నాయి. మొదటిది ఒక చిన్న రేడియో. రెండోదాని ముద్ర 1969 ఫిబ్రవరి. తయారీ అన్న చోట ఎవరో గుమాస్తా నీలం సిరాతో "లోకల్ అసెంబుల్డ్" అని రాశాడు. నాలుగు నెలల నా పరిశోధనను రెండు మాటల్లో.

చిన్నాయనకు పుస్తకం చూపించాను. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ఓడిపోయానని అనలేదు, అనాల్సిన పని కూడా లేదు. "మరి పోలీస్ యాక్షన్‌కు ముందు పాట పెట్టుకునేటోళ్లు కదనే, నేను విన్న" అన్నాడు నాయనమ్మతో. ఆమె విసుక్కుంది. "అది వేరే డబ్బ. చావి తిప్పేది. మీ తాతది. నీకు దాన్ని జూపిచ్చి చెప్పిండ్రు, నువ్వు దీన్ని జూపిచ్చి చెప్పబట్టినవ్."

అంటే చిన్నాయన చెప్పిన తేదీ తప్పు కాదు, అది వేరే పెట్టెది. కింది అరలోని ఆ 78 ప్లేట్లు కూడా దానివే అయ్యుంటాయి. పెట్టె ఇల్లు దాటిపోయింది, ప్లేట్లూ మాటా ఇక్కడే మిగిలి పక్క పెట్టెను పట్టుకున్నాయి.

కొనే ఆయనకు ఫోన్ చేసి 1968 చివర, లోకల్ అసెంబుల్డ్ అని చెప్పాను. ఇరవై వేలు కాదు, అసలు ధరే తగ్గించాడు. అమ్మడం లేదని చెప్పి పెట్టేశాను. కొత్త వెనక పలక చేయించి, దాని లోపలివైపు ఇంతవరకు తెలిసిందంతా ఒక కాగితం మీద రాసి అతికించాను. ఏది చూసి రాశానో, ఏది నాయనమ్మ చెప్పిందో విడివిడిగా. కంపెనీ బిళ్ల ఉండిన చోటు గురించి మాత్రం ఒక గీత ఖాళీగా వదిలాను. ఆ రెండు రంధ్రాల్లో ఏముండేదో చిన్నాయనకు ఇంకా గ్రుండిగ్ అనే గుర్తు.

చావి తిప్పే డబ్బా మా పెద్ద మేనత్తతో పాటు హుజూర్‌నగర్ పోయిందట, ఆమె పెళ్లప్పుడు. అటక మీద ఉండాలంది, బూరు మాత్రం పిల్లలు ఆడుకుని పోగొట్టారట. దసరాకు రమ్మంది. చిన్నాయన కూడా వస్తానన్నాడు, టార్చి తనే పట్టుకుంటాడట.